కొత్త డిమ్ సమ్ రెస్టారెంట్: ఆ క్యూ ఎందుకో నాకైతే అర్థం కాలేదు

బిల్లుచూడు
ఆ కొత్తగా తెరిచిన డిమ్ సమ్ చోటుకి, అదే, చిన్న చిన్న బుట్టల్లో చైనా చిరుతిళ్ళు పెట్టే చోటుకి, ఎవరైనా వెళ్ళారా? నిన్న రాత్రి నలుగురం వెళ్ళాం. బయట చాలాసేపు నిలబెట్టారు. సరే, కొత్త హోటల్, జనం ఉంటారు, దాని గురించి మాట్లాడను. కూర్చోగానే అడక్కుండానే టీ కూజా తెచ్చి పెట్టారు. మర్యాదకి పెట్టారేమో అనుకున్నాం. బిల్లులో మనిషికి ఇంత అని వేశారు! హర్ గావ్ అని రొయ్యల డంప్లింగ్స్ చెప్పాం. చాప్‌స్టిక్స్‌తో ఎత్తితే పైపొర బుట్టకి అతుక్కుపోయింది, రొయ్య ఒక్కటే పైకొచ్చింది. షు మై అని పైన తెరిచి ఉండే పోర్క్ డంప్లింగ్స్, వాటి అంచులు ఎండి గట్టిపడి ఉన్నాయి. చెప్పినవన్నీ ఒకేసారి తెచ్చి టేబుల్ మీద పేర్చేశారు, రెండు తినేసరికి మిగతావి చల్లారిపోయాయి. చివర్లో పచ్చసొన క్రీమ్ బన్ను కొరికితే నాలుక కాలింది. ఆ రాత్రి మొత్తానికి వేడిగా ఉన్నది అదొక్కటే. బుట్టకి మూడో నాలుగో ముక్కలు. కడుపు నిండలేదు, జేబు మాత్రం ఖాళీ. మాకే ఇలా జరిగిందా, అందరికీ ఇంతేనా?

రెండోప్లేటు
మేం పోయిన వారం పొద్దున వెళ్ళాం. మాకు బాగుంది. హర్ గావ్ చిరగలేదు. రైస్ రోల్స్ (బియ్యప్పిండి పొరల చుట్టలు) మాత్రం ముద్దగా ఉన్నాయి. టీ సంగతి నిజమే, మాకూ వేశారు.

చాప్‌స్టిక్‌శత్రువు
రొయ్య ఒక్కటైనా పైకొచ్చింది కదా, అదృష్టవంతులు. నాకైతే అది కూడా జారి పక్కవాళ్ళ టీ కప్పులో పడింది.

ఆవిరిబుట్ట
బిల్లుచూడు గారూ, రాత్రి వెళ్ళారు చూశారా, సగం గొడవ అక్కడే ఉంది. డిమ్ సమ్ పొద్దుటి తిండి. గ్వాంగ్‌జౌలో, హాంకాంగ్‌లో తెల్లవారగానే టీ హౌసులకి చేరి, పేపరు చదువుతూ, కబుర్లు చెప్పుకుంటూ మధ్యాహ్నం దాకా మెల్లగా తినే పద్ధతి. కడుపు నింపుకునే భోజనం కాదది, టీతో పాటు నంజుకునేది. పాతకాలంలో ఒక మనిషికి ఒక కప్పు టీ, రెండు ముక్కలు అనే లెక్క ఉండేది. అందుకే బుట్టకి మూడూ నాలుగూ. నలుగురు కూర్చుంటే తలా ఒకటి తీసుకుని, ఇంకో బుట్ట చెప్పాలి.

వంటింట్లో కూడా అంతే. చాలాచోట్ల మడతలు పెట్టేవాళ్ళు తెల్లవారుజామునే వచ్చి, భోజనాల వేళ దాటాక వెళ్ళిపోతారు. రాత్రికి మిగిలేది పొద్దున చేసి ఫ్రిజ్‌లో పెట్టిన సరుకు. దాన్ని ఆవిరి మీద పెట్టి ఇస్తారు. పొర చిరిగిందంటే నాకు ఆశ్చర్యమేం లేదు.

బిల్లుచూడు
బాగుందండీ. రాత్రి తినకూడనిదైతే రాత్రి తలుపులు ఎందుకు తెరుస్తారు? బోర్డు మీద "డిమ్ సమ్ రోజంతా" అని ఇంత పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. పొద్దున ధర, రాత్రి ధర వేరు వేరుగా ఉన్నాయా? లేవు కదా. మరి నాకు పాత సరుకు ఎందుకు?

గోరువెచ్చన
+1. తినేవాడు తిండి చరిత్ర చదువుకుని వెళ్ళాలంటే కష్టం. రోజంతా అమ్ముతామన్నాక రోజంతా బాగుండాలి.

ఆవిరిబుట్ట
వాళ్ళని వెనకేసుకు రావడం లేదు. వెళ్ళబోయేవాళ్ళకి ఉపయోగపడుతుందని చెప్పాను, అంతే.

పాతవంటోడు
ఇలాంటి వంటింట్లో కొన్నేళ్ళు పనిచేశాను కాబట్టి ఆ పొర సంగతి నేను చెప్తాను. హర్ గావ్ పొర మామూలు గోధుమపిండితో చెయ్యరు. పిండిని కడిగి గ్లూటెన్ తీసేస్తే మిగిలే గోధుమ స్టార్చ్ అది. దాంట్లో కొంచెం టాపియోకా (కర్రపెండలం) స్టార్చ్ కలిపి, సలసల మరిగే నీళ్ళు పోసి, వేడి మీదే పిసకాలి. గ్లూటెన్ లేదు కాబట్టి సాగదు. అప్పడాల కర్రతో వత్తితే పగులుతుంది. అందుకే వెడల్పాటి కత్తికి నూనె రాసి, దాని పక్కభాగంతో చిన్న ఉండని నొక్కి గుండ్రంగా తిప్పుతారు. ఒక్క తిప్పుతో పల్చటి బిళ్ళ వస్తుంది. చూడ్డానికి సులువుగా ఉంటుంది. నాకు చేతికి రావడానికి చాలా కాలం పట్టింది, మొదట్లో నేను చేసినవన్నీ సిబ్బంది భోజనానికే పోయేవి.

మడతలు కనీసం 7 ఉండాలంటారు, మంచి చెయ్యి 10 దాటుతుంది. పిండి చల్లారేలోపే మడవాలి, చల్లారితే అతకదు. అప్పుడే చేసినదైతే ఆవిరి మీద అయిదారు నిమిషాలు చాలు. తీశాక పొర లోపలి రొయ్య గులాబీరంగు కనిపించేంత మెరుస్తూ ఉండాలి. అక్కణ్ణుంచి దానికి ఆయుష్షు తక్కువ. గాలికి వదిలేస్తే పైన ఎండి పగులుతుంది. ఆవిరి మీదే ఉంచేస్తే మెత్తబడి కిందకి అతుక్కుంటుంది. మీకు జరిగింది ఈ రెండోది. ఆర్డర్లు తొందరగా పంపాలని ముందే ఉడికించి ఆవిరి పెట్టెలో వదిలేసి ఉంటారు. బుట్ట అడుగున కాగితమో, క్యారెట్ చక్రమో పెట్టాలి, అది కూడా మానేసినట్టున్నారు. రాత్రికీ పగలుకీ దీంతో సంబంధం లేదు. తొమ్మిదింటికి వెళ్ళినా ఇలా చేస్తే ఇలాగే వస్తుంది.

గోరువెచ్చన
ఇదీ జవాబంటే. పాతవంటోడు గారూ, మంచి చోటని ఎలా గుర్తుపట్టాలి? ముందు ఏం చెప్పి చూడాలి?

పాతవంటోడు
హర్ గావే. అది బాగుంటే ఆ వంటింట్లో చేతులున్నాయని అర్థం. కొరికితే రొయ్య కరకరలాడాలి, పిండిలా ఉండకూడదు. దాని కోసం రొయ్యల్ని ఉప్పూ స్టార్చ్ వేసి రుద్ది, పారే చల్లటి నీళ్ళ కింద చాలాసేపు కడిగి, తడి పూర్తిగా ఆరబెట్టి, చల్లగా ఉంచుతారు. దాంట్లో సన్నగా తరిగిన వెదురు కొమ్ములు, కొంచెం పంది కొవ్వు పడతాయి. ఈ పనంతా బద్ధకిస్తే మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది. తర్వాత చార్ సియూ బావ్, అంటే పోర్క్ పెట్టిన బన్ను చూడండి. ఆవిరిది తెల్లగా, పైన మూడు రెక్కలుగా విచ్చుకుని ఉండాలి. కొరికినప్పుడు ముక్కుకి ఘాటు తగిలితే అది పిండి పొంగడానికి వేసే బేకింగ్ అమోనియా. సరిగ్గా ఉడకలేదన్నమాట.

కొత్తచిగురు
చార్ సియూ బావ్ రెండు రకాలుగా కనిపించింది మెనూలో. ఒకటి తెల్లది, ఇంకోటి గోధుమరంగులో మెరుస్తోంది. రెండూ ఒకటేనా?

పాతవంటోడు
లోపలి మాంసం ఇంచుమించు ఒకటే, తియ్యటి సాసులో కాల్చిన పోర్క్ ముక్కలు. తెల్లది ఆవిరి మీద, రెండోది ఓవెన్‌లో. ఓవెన్ దాంట్లో కూడా పైన కరకరలాడే చక్కెర పొర వేసేది ఒకటుంది. హాంకాంగ్‌లో టిమ్ హో వాన్ అనే డిమ్ సమ్ చోటుకి పేరు తెచ్చింది అదే. మాక్ క్వాయ్-పుయ్ అనే ఆయన పెద్ద హోటల్ వదిలి 2009లో మాంగ్‌కాక్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. మంచి రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్‌లో 2010లో దానికి ఒక స్టార్ వచ్చింది. అంత చవకైన చోటుకి స్టార్ ఇచ్చారని అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకున్నారు.

చాప్‌స్టిక్‌శత్రువు
బన్ను చేత్తో తినొచ్చు కదా? అయితే నా ఓటు బన్నుకే.

ఆవిరిబుట్ట
చేత్తోనే తినాలి. తెల్లదాని అడుగున కాగితం ఉంటుంది, అది మాత్రం తీసెయ్యండి.

చాప్‌స్టిక్‌శత్రువు
ఈ ముక్క మా బావమరిదికి ఎవరైనా ముందే చెప్పాల్సింది. వాడు కాగితం వరకూ ఆగలేదు. జిగురు బియ్యం తామరాకులో చుట్టి ఇస్తారు చూడండి, లో మై గాయ్, దాన్ని ఆకుతో సహా నమిలాడు. "కొంచెం పీచుగా ఉంది కానీ ఫర్వాలేదు" అన్నాడు. వడ్డించేవాడు అటు తిరిగి నవ్వుకున్నాడు.

రెండోప్లేటు
😂😂 పీచు పదార్థం ఆరోగ్యానికి మంచిదే.

శాకంబరి
నేను మాంసం, రొయ్యలు తినను. ఆఫీసు వాళ్ళతో ఇదే చోటుకి వెళ్ళాల్సొస్తోంది. నాకేమైనా దొరుకుతుందా, టీ తాగి కూర్చోవాలా?

రెండోప్లేటు
ముల్లంగి కేక్ ఉందండీ. ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాలుస్తారు. చాలా బాగుంది.

పాతవంటోడు
ఆగండి, ఆగండి. ముల్లంగి కేక్‌లో ఎండు రొయ్యలు, చైనీస్ సాసేజ్ ముక్కలు మామూలుగానే ఉంటాయి. పేరు చూసి మోసపోకండి. శాకంబరి గారూ, మెనూలో "వెజ్" అని ఉన్నా మూడు అడగండి. పిండిలో, పూర్ణంలో పంది కొవ్వు వేశారా? సాసులో ఆయిస్టర్ సాస్ (సముద్రపు గుల్లలతో చేసేది) ఉందా? వేయించే నూనెలో రొయ్యలు కూడా వేయిస్తారా? చాలా బన్నుల్లో, టార్టుల్లో పాత పద్ధతి ప్రకారం పంది కొవ్వే పడుతుంది. నువ్వులు అద్ది వేయించే తీపి ఉండలు చూస్తే ఏమీ అనిపించదు, వాటి లోపలి పూర్ణంలో కూడా ఉండొచ్చు. పుట్టగొడుగులు, కూరగాయలతో చేసే డంప్లింగ్స్, ఏమీ పెట్టకుండా చుట్టిన రైస్ రోల్స్, వెల్లుల్లితో వేయించిన ఆకుకూర, ఇవి అడిగి తీసుకోవచ్చు. రైస్ రోల్ మీద పోసే సోయా సాస్ గురించి కూడా అడగండి. రొయ్యలతో ఎలర్జీ ఉన్నవాళ్ళకైతే నా సలహా ఒక్కటే: వెళ్ళకండి. ఆ వంటింట్లో రొయ్య తగలని బల్ల ఉండదు.

శాకంబరి
చాలా థ్యాంక్స్ అండీ. మెనూ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

గోరువెచ్చన
మా చెల్లెలు కూడా తినదు. వెళ్ళే ముందు ఫోన్ చేసి అడిగితే "వెజ్ చాలా ఉన్నాయి మేడమ్" అన్నారు. వెళ్ళాక "ఇందులో మాంసం ముక్కలు లేవు మేడమ్, మాంసం ఉడికించిన రసం, అదే స్టాక్, మాత్రమే ఉంది" అన్నారు. ఇదే చోటు కాదు, వేరే చోట. ఫోన్‌లో అడిగితే సరిపోదని చెప్తున్నా.

నిద్రమత్తు
మీరందరూ పొరలు, మడతలు అంటున్నారు. నాకు ఇంటికొచ్చాక తలనొప్పి, విపరీతమైన దాహం. అజినోమోటో గుప్పిళ్ళతో వేశారు. చైనీస్ తిండంటేనే ఇంత. నేనిక వెళ్ళను.

లెక్కలమాస్టారు
ఈ తలనొప్పి కథకి ఓ పుట్టుక ఉంది. 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కి ఒక డాక్టరు ఉత్తరం రాశాడు, అమెరికాలో చైనీస్ రెస్టారెంట్లలో తిన్నాక మెడ వెనక మొద్దుబారుతోంది, గుండె దడగా ఉంటోంది, కారణం ఏమై ఉంటుంది అని. సోయా సాస్ కావచ్చు, వంటకి వాడే వైన్ కావచ్చు, ఉప్పు కావచ్చు, ఎమ్ఎస్‌జీ (మీరన్న అజినోమోటోనే) కావచ్చు అని తన ఊహలు చెప్పాడు. జనం చివరి ఊహ ఒక్కటే పట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరికి ఏమిస్తున్నారో చెప్పకుండా చేసిన పరీక్షల్లో, మామూలుగా తిండిలో వాడే మోతాదుకి ఈ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. ఎమ్ఎస్‌జీని 1908లో కనిపెట్టింది జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్, సముద్రపు నాచు రసంలోంచి. పండిన టమాటాలో, పర్మెజాన్ చీజ్‌లో ఎమ్ఎస్‌జీలో ఉండే గ్లూటమేటే సహజంగా ఉంటుంది. అవి తిన్నాక తలనొప్పి వచ్చిందా మీకు?

మీ దాహం మాత్రం నిజమే అయ్యుంటుంది. సోయా సాస్, ఉప్పేసి ఊరబెట్టిన నల్ల బీన్స్, ఉప్పులో ఊరిన గుడ్డు పచ్చసొన... అంతా ఉప్పే.

నిద్రమత్తు
పరీక్షలు మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ, నా తల నా దగ్గర ఉంది.

చాప్‌స్టిక్‌శత్రువు
ఈ వాక్యం టీషర్టు మీద వేయించుకుంటా.

గోరువెచ్చన
నిద్రమత్తు గారూ, గంటసేపు ఎండలో క్యూలో నిలబడ్డా తలనొప్పి వస్తుంది. దాన్నెవరూ అనుమానించరు పాపం.

రెండోప్లేటు
కోడి కాళ్ళు తిన్నవాళ్ళు లేరా ఇక్కడ? ఈ చోట నాకు అన్నిటికంటే నచ్చినవి అవే, ఎవరూ ఆ మాటే ఎత్తడం లేదు. చిన్న గిన్నెలో నాలుగైదు, ఎర్రటి సాసులో మెరుస్తూ వచ్చాయి. తోలు ఉబ్బి ముడతలు పడి, నాలుకతో నొక్కితే ఎముక నుంచి ఊడి వచ్చేస్తోంది. మాంసం ఏమీ ఉండదు, ఆ తోలూ జిగురే దాని రుచి. నల్ల బీన్స్ వాసన, అడుగున కొంచెం మిరప. పక్క టేబుల్ పెద్దాయన ఒక్కో వేలి కణుపూ నోట్లోనే విడదీసి, ఎముకలు తీరిగ్గా ప్లేటు అంచున పెడుతున్నాడు. ఆయన్ని చూసే నేర్చుకున్నాను. మా ఆవిడ మాత్రం మొహం అటు తిప్పుకుని టీ తాగింది.

కొత్తచిగురు
గోళ్ళు ఉంటాయా??

రెండోప్లేటు
లేవండీ, ముందే కత్తిరించేస్తారు.

పాతవంటోడు
అంత మెత్తగా వచ్చాయంటే ఆ వంటింట్లో ఒకరికైనా ఓపిక ఉంది. కాళ్ళని ముందు నూనెలో వేయించాలి, వెంటనే చల్లటి నీళ్ళలో నానబెట్టాలి, అప్పుడే ఆ తోలు ఉబ్బుతుంది. తర్వాత మసాలాతో చాలాసేపు మరిగించి, సాసు పట్టించి, మళ్ళీ ఆవిరి మీద పెట్టాలి. కానీ ఒక మాట. ఇది ముందే చేసి పెట్టుకున్నా పాడవని వంటకం, ఎంత ఆవిరి తగిలితే అంత మెత్తన. జిగురు బియ్యం కూడా అంతే. రాత్రి వెళ్ళక తప్పనివాళ్ళు ఇవి చెప్పుకుంటే నష్టపోరు. హర్ గావ్, రైస్ రోల్స్ మాత్రం అప్పటికప్పుడు చేస్తేనే.

బిల్లుచూడు
ఇది మెనూలో ఎందుకు రాయరండీ? "రాత్రి వచ్చావా, కోడి కాళ్ళు తిను" అని.

శనివారంసాయంత్రం
నేను చెప్పాల్సింది షావ్ లోంగ్ బావ్ అనే డంప్లింగ్స్ గురించి. లోపల సూప్ ఉంటుందని ఎక్కడో చదివి ఎంతో ఆశగా చెప్పాను. చుక్క లేదు! వడ్డించేవాడిని అడిగితే "మీరు ఎత్తినప్పుడు కారిపోయింది సర్" అన్నాడు. బుట్టలో తడి ఉన్న మాట నిజమే. అయినా నా వేళ్ళ మీదకి తోసేశాడని కోపం వచ్చింది.

ఆవిరిబుట్ట
ముందుగా, అది డిమ్ సమ్ లాగా కాంటనీస్ (గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వైపు) వంట కాదు, షాంఘై వైపుది. డిమ్ సమ్ చోట్ల జనం అడుగుతున్నారని మెనూలో పెట్టేస్తున్నారు, చేసేవాళ్ళకి చెయ్యి తిరిగి ఉండదు. సూప్ పోస్తారనుకోకండి. పంది తోలు ఉడికించిన రసం చల్లారితే జెల్లీలా గడ్డ కడుతుంది, దాన్ని తరిగి మాంసంలో కలుపుతారు. ఆవిరికి అది కరిగి సూప్ అవుతుంది. పైన ముడి దగ్గర మెల్లగా పట్టుకుని ఎత్తి చెంచాలో పెట్టుకోవాలి, పక్కన చిన్న చిల్లు కొరికి ముందు రసం పీల్చాలి. నడుం దగ్గర పట్టుకుంటే చిరుగుతుంది.

శనివారంసాయంత్రం
ముడి దగ్గరే పట్టుకున్నానండీ బాబూ. ముడి ఒక్కటే చేతికొచ్చింది.

పాతవంటోడు
అయితే అడుగు అతుక్కుపోయింది. మళ్ళీ అదే కథ, బుట్ట అడుగు. వెదురు బుట్టలేనా, స్టీలువా?

శనివారంసాయంత్రం
పైకి వెదురే. మూత స్టీలు అనుకుంటా, ఎత్తగానే నీళ్ళు టపటపా కారాయి.

పాతవంటోడు
చూశారా. వెదురు మూత ఆవిరిని కొంత పీల్చుకుంటుంది, కొంత బయటికి వదులుతుంది. స్టీలు మూతకి చుక్కలు కట్టి పిండి మీదే కారతాయి. బన్నుల మీద మచ్చలు పడేది అందుకే. డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు.

గోరువెచ్చన
బండ్లు తోసుకుంటూ వస్తారని విన్నాను, ఇక్కడ కాగితం మీద టిక్కులు పెట్టమన్నారు. నాకు అదే నిరాశ. బండి మీద చూసి ఎంచుకుంటే ఆ మజానే వేరు.

ఆవిరిబుట్ట
హాంకాంగ్‌లోనే బండ్ల చోట్లు బాగా తగ్గిపోయాయి. నేను ఒక బండ్ల చోట తిన్నాను. బండి తోసే ఆవిడ వంటకాల పేర్లు అరుచుకుంటూ వస్తుంది, మనం చెయ్యెత్తితే బుట్ట దించి మన కార్డు మీద ముద్ర కొడుతుంది. చిన్నది, మధ్యరకం, పెద్దది, స్పెషల్ అని గడులుంటాయి, చివర్లో ముద్రలు లెక్కపెట్టి బిల్లు. సందడిగా ఉంటుంది, కాదనను. కానీ వంటింటికి దూరంగా కూర్చుంటే మీ దాకా వచ్చేది చల్లారిన బుట్టే. మంచివి దారిలోనే అయిపోతాయి. కాగితం పద్ధతిలో చెప్పాకే ఉడికిస్తారు, తినడానికి అదే మెరుగు.

బిల్లుచూడు
చెప్పాక ఉడికిస్తే అన్నీ ఒకేసారి ఎలా వచ్చాయి మాకు?

లెక్కలమాస్టారు
కాగితం మీద అన్నిటికీ ఒకేసారి టిక్కులు పెట్టి ఇచ్చారా?

బిల్లుచూడు
ఇచ్చాం. ఇంకెలా ఇవ్వాలి, వాయిదాల్లోనా?

లెక్కలమాస్టారు
వాయిదాల్లోనే. మేం ముందు హర్ గావ్, షు మై చెప్తాం. అవి వచ్చాక ఇంకో కాగితం అడుగుతాం. కొన్ని చోట్ల రెండో కాగితానికి చిరాకు పడతారు, వాళ్ళకి టేబుల్ ఖాళీ కావాలి. పడనివ్వండి.

గోరువెచ్చన
మాకు ఇక్కడ "ఒక్కసారే ఆర్డర్ ఇవ్వండి, టేబుల్‌కి గంటన్నరే టైమ్" అన్నారు. ఇది రెస్టారెంట్ తప్పే. మెల్లగా తినే తిండి అని ఆవిరిబుట్ట గారు అంటున్నారు, వీళ్ళేమో వాచీ పెట్టుకుని తినమంటున్నారు.

ఆవిరిబుట్ట
దీనికి నా దగ్గర సమాధానం లేదు. గంటన్నర అంటే టీ రెండోసారి నానేలోపు లేవాలి.

బిల్లుచూడు
టీ అంటే గుర్తొచ్చింది. ఆ మనిషికింత సంగతి ఎవరూ తేల్చలేదు.

ఆవిరిబుట్ట
తలకింత అని టీ డబ్బులు వేయడం కాంటనీస్ టీ హౌసుల్లో మామూలే. టీ ఎన్నిసార్లు నింపినా అదే రేటు. కాకపోతే అక్కడ కూర్చోగానే "ఏ టీ?" అని అడుగుతారు. పూ-అర్, మల్లెపూల టీ, టియె గ్వాన్ యిన్, చామంతి... మీరు చెప్పిందే తెస్తారు. అడక్కుండా తెచ్చి బిల్లులో వెయ్యడం మాత్రం సరైన పద్ధతి కాదు. కొవ్వున్నవి ఎక్కువ తింటే పూ-అర్ చెప్పుకోండి. నల్లగా, మట్టి వాసనతో ఉంటుంది, మొదటి గుటకకి అందరికీ నచ్చదు. ఇంకోటి, కూజా ఖాళీ అయితే అరవక్కర్లేదు. మూత పక్కకి జరిపి పెడితే చాలు, వేడి నీళ్ళు పోసి వెళ్తారు.

శనివారంసాయంత్రం
మేం మూత జరిపి కూర్చున్నాం. వాడొచ్చి మూత మళ్ళీ సరిగ్గా పెట్టి వెళ్ళిపోయాడు.

చాప్‌స్టిక్‌శత్రువు
😂😂😂 శుభ్రత మీద శ్రద్ధ.

రెండోప్లేటు
మా పక్కవాళ్ళు టీ పోసినప్పుడల్లా బల్ల మీద రెండు వేళ్ళతో తట్టడం చూశాను. అదేంటి?

ఆవిరిబుట్ట
థ్యాంక్స్ చెప్పడం. నోట్లో తిండి ఉన్నా, కబుర్లలో ఉన్నా మాట ఆపక్కర్లేదు. దీనికో కథ చెప్తారు. చైనా చక్రవర్తి చియెన్‌లాంగ్ మారువేషంలో దక్షిణాదికి వెళ్ళి, టీ కొట్టులో తన పరివారానికి తనే టీ పోశాడట. సాష్టాంగపడితే గుట్టు బయటపడుతుంది, అందుకని వాళ్ళు వేళ్ళు మడిచి బల్ల మీద మోకరిల్లినట్టు తట్టారట. కథగానే తీసుకోండి. అలవాటు మాత్రం అందరికీ ఉంది.

లెక్కలమాస్టారు
అలవాట్లంటే గుర్తొచ్చింది, జిగురు బియ్యంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి వదలకండి. చనిపోయినవాళ్ళకి వెలిగించే అగరొత్తుల్లా ఉంటుందని చైనావాళ్ళు చాలా పట్టించుకుంటారు.

చాప్‌స్టిక్‌శత్రువు
నేను గుచ్చితేగానీ ఏదీ పైకి రాదు. ఇప్పుడు అది కూడా తీసేశారు. ఫోర్క్ ఇస్తారా?

రెండోప్లేటు
అడిగితే ఇస్తారు. ఎవరూ ఏమనుకోరు.

కొత్తచిగురు
ఇదంతా చదివి ఈ రోజు పొద్దున తెరవగానే వెళ్ళొచ్చాం. క్యూ లేదు. పాతవంటోడు గారు చెప్పినట్టు ముందు హర్ గావ్ ఒక్కటే చెప్పాం. పొర మెరుస్తోంది, మడతలు లెక్కపెట్టాను, 9 ఉన్నాయి. చిరగలేదు, రొయ్య కరకరలాడింది. షు మై కూడా తడిగా, మెత్తగా ఉంది. రైస్ రోల్స్ ఇంకా ముద్దే, పొరలు విడివిడిగా రావడం లేదు, సాసు మరీ తీపి. ఆవిరి బన్ను విచ్చుకుంది కానీ పైన మచ్చలున్నాయి, ఆ స్టీలు మూతల పుణ్యమే అనుకుంటా. టీ మాత్రం అడక్కుండానే వచ్చింది. "ఏముంది వేరే?" అంటే అమ్మాయి లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి రెండే ఉన్నాయంది. మల్లె తీసుకున్నాం. గంటన్నర రూలు పొద్దున అడగలేదు, హాలు సగం ఖాళీ.

గోరువెచ్చన
అంటే పొద్దున పాస్, రాత్రి ఫెయిల్.

పాతవంటోడు
రైస్ రోల్స్‌కి పిండి చిక్కబడి ఉంటుంది. బియ్యప్పిండి నీళ్ళని గుడ్డ మీదో పళ్ళెంలోనో పల్చగా పోసి ఆవిరి పట్టాలి, గీకి చుట్టెయ్యాలి. ఒక మనిషి అదే పని మీద నిలబడితేగానీ రాదు. కొత్త చోట్లలో ఆ మనిషే దొరకడు. రెండు మూడు నెలలు ఆగి చూడండి.

బిల్లుచూడు
సంతోషం. పొద్దున వెళ్ళినవాళ్ళు బాగా తిన్నారు. నేను మాత్రం బోర్డు మీద "రోజంతా" అన్న మాట తీసేదాకా ఒకటిన్నర స్టార్ మార్చను. రేటింగ్ పెట్టేశాను కూడా. వాళ్ళు కింద "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మళ్ళీ రండి" అని జవాబిచ్చారు. అందరికీ అదే జవాబు, అయిదు స్టార్లు ఇచ్చినవాళ్ళకి కూడా.

లెక్కలమాస్టారు
రేటింగ్‌లో "రాత్రి" అని రాశారా? రాస్తే చదివేవాళ్ళకి పనికొస్తుంది.

బిల్లుచూడు
రాశాను. బుట్ట ఫోటో కూడా పెట్టాను, అతుక్కున్న పొరతో సహా.

శాకంబరి
ఆఫీసువాళ్ళతో మాట్లాడి పొద్దుటికి మార్పించాను. ఫోన్ చేసి పంది కొవ్వు గురించి అడిగితే వంటవాడికే ఇచ్చారు, ఆయన నిజాయితీగా చెప్పాడు: పుట్టగొడుగుల డంప్లింగ్, ఆకుకూర తప్ప ఏదీ హామీ ఇవ్వలేనని. ఎగ్ టార్ట్ కూడా వద్దన్నాడు. గుడ్డు తింటాను, దాని మీదే ఆశ పెట్టుకున్నాను.

పాతవంటోడు
ఆ వంటవాడు మంచివాడు. టార్ట్ పిండిలో కొవ్వు ఉన్నట్టే. మీ ఆఫీసువాళ్ళని తిననివ్వండి. అది పొరలు పొరలుగా విడిపోయే రకమా, బిస్కెట్‌లా పొడయ్యే రకమా?

కొత్తచిగురు
పొరల రకం. మేం వెళ్ళేసరికి ఓవెన్‌లోంచి తీస్తున్నారు, మధ్యలో ఇంకా తొణుకుతోంది. మేం లేచేలోపే ట్రే ఖాళీ. కావాలంటే కూర్చోగానే చెప్పేసుకోండి.